యానాం ఫ్రెంచి క్లాసు: సబ్జోంక్తిఫ్ పాసే ఎలా చెబుతున్నారు?

1954 దాకా ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న యానాంలో ఫ్రెంచి నేర్చుకోవడానికి కాకినాడ వైపు నుంచీ, ఎదుర్లంక వంతెన దాటి కోనసీమ నుంచీ పిల్లలు వస్తున్నారు. టెఫ్, డెల్ఫ్ అనే ఫ్రెంచి పరీక్షలు రాసేవాళ్లు ఎక్కువగా తడబడేది సంతోషం, బాధ, భయం చెప్పే వాక్యాల్లోనే. ఆ వాక్యాల్లో అప్పటికే జరిగిపోయిన పనిని చెప్పే క్రియారూపమే సబ్జోంక్తిఫ్ పాసే. అందుకే ఈ క్లాసును ఆ ఒక్క పాఠంతోనే తూచి చూడాలి.

పునాది గట్టిగా వేస్తున్నారు. సహాయక క్రియలైన అవ్వార్‌ని గానీ ఎత్ర్‌ని గానీ వర్తమాన సబ్జోంక్తిఫ్‌లో పెట్టి, పక్కన పార్తిసిప్ పాసే (అసలు క్రియ భూతకాల రూపం) చేర్చాలి: 'జ స్వీ కోంతాఁ క త్యు స్వా వెన్యూ', నువ్వు వచ్చినందుకు సంతోషం. 'సె దొమాజ్ క లా ప్లుయీ ఎ అబీమే ల రీ', వాన వరిని పాడుచేసింది, పాపం. అవ్వార్‌కి నాలుగు రూపాలు చెవికి ఒక్క 'ఎ'గానే వినిపిస్తాయి, రాతలో మాత్రం నాలుగూ వేరు. డిక్టేషన్‌లో మార్కులు పోయేది ఇక్కడే కాబట్టి ముందు వీటినే పదేపదే రాయించడం చాలా మంచి పద్ధతి.

కాలం సంగతీ బాగా విడమరుస్తారు. మొదటి క్రియ ఏ కాలంలో ఉందన్నది లెక్క కాదు. రెండో పని అంతకు ముందే జరిగిపోయిందా అన్నదే లెక్క. 'జెతే కోంతాఁ' అని గతంలో మొదలుపెట్టినా 'క త్యు స్వా వెన్యూ' మారదు. ఇద్దరూ ఇప్పుడు ఒకేచోట ఉంటే మాత్రం పాసే అక్కర్లేదు, 'క త్యు స్వా లా' (నువ్వు ఇక్కడ ఉన్నందుకు) చాలు.

అసలు లోటు కర్త దగ్గర. 'నువ్వు వచ్చినందుకు', 'నేను వచ్చినందుకు' రెండింటినీ మనం ఒకే తీరులో అంటాం. ఆ అలవాటుతో పిల్లలు 'జ స్వీ కోంతాఁ క జ స్వా వెన్యూ' అని రాసేస్తారు. అది తప్పు. భావం కలిగినవాడూ పని చేసినవాడూ ఒకరే అయితే 'క' తీసేసి, 'జ స్వీ కోంతాఁ దెత్ర్ వెన్యూ' అనాలి. తెలుగువాళ్లకు దీని మీద కనీసం ఒక పూట అభ్యాసం ఉండాల్సింది, ఇక్కడ ఒక్క వాక్యంతో సరిపెట్టారు.

ఇచ్చే కాగితంలో ఒక తప్పుంది. భావక్రియల జాబితాలో ఎస్పేరే (ఆశించడం) కూడా వేశారు. ఆశను మామూలుగా చెప్పే వాక్యంలో దానికి ఇండికాతిఫే (మామూలు క్రియారూపమే) పడుతుంది. రెగ్రెతే (విచారించడం), సెతోనే (ఆశ్చర్యపోవడం) సరైనవే. భయం చెప్పేటప్పుడు అదనంగా వచ్చే 'న' గురించి అసలు మాటే లేదు: 'జే పేర్ కిల్ న స్వా పార్తీ' అంటే వెళ్లిపోయాడేమోనని భయం. పక్కన 'పా' చేరితేనే వెళ్లలేదేమోనని అర్థం. వినే పరీక్షలో ఈ తేడా పట్టుకోలేకపోతే జవాబు తలకిందులవుతుంది.

బీ1 అనే మధ్య స్థాయి పూర్తయినవాళ్లు నిశ్చింతగా చేరవచ్చు. పాసే కంపొజే అనే భూతకాలంలో ఏ క్రియకు ఎత్ర్ పడుతుందో ఇంకా తడుముకునేవాళ్లు ముందు అది చూసుకుని రావాలి. స్త్రీలింగ కర్త వస్తే 'వెన్యూ' చివర చేరే అక్షరం చెవికి వినపడదు, దాన్ని ఈ క్లాసులో ప్రత్యేకంగా దిద్దరు కూడా.