మిర్చి యార్డు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్: లెక్క సొంతం, కబురు అరువు

గుంటూరు మిర్చి యార్డులోని మా కమీషన్ కొట్టులో గత సీజన్ నుంచి వాడుతున్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ గురించి, దానిని కొనే ఆలోచనలో ఉన్న తోటి వ్యాపారుల కోసం ఇది రాస్తున్నాను. టిక్కీల (మిర్చి బస్తాల) తూకం, రకం, ధర ఎక్కిస్తే కమీషన్, హమాలీ, కాటా ఖర్చులు మినహాయించి రైతు పట్టీని (అమ్మకం లెక్క చీటీని) క్షణాల్లో సిద్ధం చేస్తుంది. తేజ రకం లాటులో తాలు (రంగు పోయిన నాసి కాయలు) వేరుచేసి వేరే ధర కట్టినా లెక్క తప్పదు. ఇంతవరకు వంక పెట్టడానికి లేదు.

చిక్కంతా కొట్టు దాటి బయటికి వెళ్లే పనుల్లోనే ఉంది. రైతు ఫోన్‌కు పట్టీని చేర్చే ఎస్‌ఎంఎస్, వాట్సాప్ సదుపాయాలు ఈ సాఫ్ట్‌వేర్ కంపెనీవి కావు. మధ్యలో మరొక సంస్థ ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్ మరొకరి సేవను వాడుకునే మార్గం), దాని వెనుక టెలికాం కంపెనీలు, వాట్సాప్ యజమాని మెటా ఉన్నాయి. సరుకు ముమ్మరంగా వస్తున్న రోజుల్లో ఆ మధ్య సంస్థ రేటు పెంచింది. సాఫ్ట్‌వేర్ కంపెనీ ముందుగా కట్టిన బ్యాలెన్సు అయిపోయి సందేశాలు క్యూలో నిలిచిపోయాయి. మా తెర మీద మాత్రం ప్రతి రైతు పేరు పక్కన ‘పంపబడింది’ అన్న పచ్చ టిక్కు పడుతూనే ఉంది, పట్టీ రాలేదని పల్నాడు రైతుల ఫోన్లూ వస్తూనే ఉన్నాయి. ఆరా తీస్తే, మధ్య సంస్థ సర్వరు సందేశాన్ని స్వీకరించినట్లు ఇచ్చే జవాబునే ఈ సాఫ్ట్‌వేర్ చేరినట్లుగా చూపుతోందని, ఆ తర్వాత, ఫోన్‌కు చేరిందో లేదో చెబుతూ వచ్చే డెలివరీ రిపోర్టును అసలు చదవడమే లేదని తేలింది.

ఇతరుల ఏపీఐ మీద ఆధారపడడాన్ని నేను తప్పుపట్టను. ఇంత చిన్న కంపెనీ సొంతంగా టెలికాం వ్యవస్థ పెట్టుకోలేదు కదా. 2021 మార్చి 8న ముందుగా నమోదుకాని టెంప్లేట్ల (సందేశ నమూనాల) సందేశాలను టెలికాం సంస్థలు అడ్డుకోగానే బ్యాంకుల ఓటీపీలే ఆగిపోయి, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆ నిబంధనను వారం పాటు నిలిపివేయవలసి వచ్చింది. 2025 జూలై 1 నుంచి వాట్సాప్ కూడా వ్యాపార సందేశాలకు సంభాషణ లెక్కన కాక సందేశం లెక్కన రుసుము తీసుకుంటోంది. ఇలాంటి మార్పులు వస్తాయని తెలిసి కూడా సాఫ్ట్‌వేర్ కంపెనీ రెండో దారి సిద్ధం చేసుకోకపోవడం, ఆ సంగతి అమ్మేటప్పుడు మాట మాత్రమైనా చెప్పకపోవడమే నా అభ్యంతరం.

కొనేవారు సంతకానికి ముందే ఎస్‌ఎంఎస్ హెడర్ (పంపినవారి పేరుగా కనిపించే గుర్తు), టెంప్లేట్లు, వాట్సాప్ ఖాతా ఎవరి పేరున నమోదవుతాయో రాతపూర్వకంగా తీసుకోవాలి. అవి కంపెనీ పేరున ఉంటే, రేపు సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసిందే. డేటా అంతా ఎక్సెల్‌లోకి దిగుతుంది కనుక పాత లెక్కలు పోతాయన్న భయం మాత్రం లేదు. ఈసారి సందేశాల ప్యాకేజీ వదిలేసి బిల్లింగ్ వరకే రెన్యువల్ చేయించాము. అయిదుకు మూడు మార్కులు.