హెడ్‌సెట్ టూల్స్: కొన్నేళ్లు వాడాక ఏది కొనాలి, ఏది అక్కర్లేదు

సైకిల్ హెడ్‌సెట్ అంటే హ్యాండిల్ తేలిగ్గా తిరిగేలా ఫ్రేమ్ ముందు గొట్టంలో (హెడ్‌ట్యూబ్) ఉండే బేరింగ్‌ల సెట్టు. ఆ పనికి నా దగ్గర మూడు టూల్స్ ఉన్నాయి. బేరింగ్‌లు కూర్చునే కప్పులు ఊడదీసే రిమూవర్, కప్పులు ఎక్కించే ప్రెస్, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ మీదికి క్రౌన్ రేస్ (కింది బేరింగ్ ఆనే రింగు) దించే సెట్టర్. కొన్నేళ్లుగా ఇంట్లో సైకిళ్లకూ, నాతో కలిసి తొక్కే మిత్రుల సైకిళ్లకూ ఇవే వాడుతున్నాను. రిమూవర్ మీద పెట్టిన ప్రతి రూపాయీ గిట్టుబాటైంది. ప్రెస్ చాలా మంచి వస్తువు, కానీ అందరూ కొననక్కర్లేదు. సెట్టర్ లేకపోయినా పని ఆగదు.

మాది విశాఖపట్నం. బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు తొక్కేవాళ్లకు ఉప్పుగాలి చైన్‌ని ఏం చేస్తుందో బాగా తెలుసు. హెడ్‌సెట్ కింది బేరింగ్‌కి పట్టే తుప్పు మాత్రం విప్పేదాకా కనబడదు. ముందు చక్రం చిమ్మే నీళ్లు, ఇసుక నేరుగా దాని మీదే పడతాయి. కొన్నాళ్లకు హ్యాండిల్ సరిగ్గా మధ్యకు రాగానే గాడిలో పడ్డట్టు పట్టేస్తుంది. గుంతల్లో పడి బాల్స్ దెబ్బతిన్నాయని చాలామంది అనుకుంటారు. ఎక్కువసార్లు కారణం అది కాదు. మనం చాలాసేపు తిన్నగానే తొక్కుతాం. బాల్స్ ఒకే చోట సన్నగా ఊగుతూ అక్కడి గ్రీజుని పక్కకు నెట్టేస్తాయి, లోహానికి లోహం రాసుకుని గుంటలు పడతాయి. తర్వాత ఎంత గ్రీజు పెట్టినా ఆ గుంట పూడదు.

అలాగని వెంటనే టూల్స్ కొనేయకండి. కార్ట్రిడ్జ్ బేరింగ్ (బాల్స్ విడిగా కాకుండా ఒకే ముక్కగా వచ్చేది) ఉన్న హెడ్‌సెట్ అయితే బేరింగ్ ఒక్కటే చేత్తో తీసి కొత్తది పెట్టుకోవచ్చు, కప్పుల్ని కదపనే అక్కర్లేదు. బేరింగ్ మీద 36, 45 అంటూ అంచుల వాలు డిగ్రీల్లో ఉంటుంది. కొత్తదానికి ఆ డిగ్రీలతోపాటు లోపలి, బయటి వ్యాసాలు, ఎత్తు కూడా కలిసేలా చూసుకోవాలి. లూజ్ బాల్స్ ఉండే పాత రకంలో గుంటలు కప్పులోనే పడతాయి కాబట్టి కప్పులే మార్చాలి. అప్పుడే ఈ టూల్స్ అవసరం.

అన్నిటికంటే ముందు చేతిలో ఉండాల్సింది వెర్నియర్ కాలిపర్. కొత్త హెడ్‌సెట్‌ల మీద ఈసీ34/28.6, జెడ్‌ఎస్44/28.6 లాంటి కోడ్ ఉంటుంది. అక్షరాలు కప్పు రకాన్ని చెబుతాయి (ఈసీ అంటే బేరింగ్ ట్యూబ్ బయట ఉండే కప్పు, జెడ్‌ఎస్ అంటే ట్యూబ్ లోపలికి దిగే కప్పు), మొదటి అంకె హెడ్‌ట్యూబ్ లోపలి వ్యాసం, పై వైపు కోడ్‌లో రెండోది ఫోర్క్ గొట్టం వ్యాసం, అన్నీ మిల్లీమీటర్లలో. ఐఎస్ (ఇంటిగ్రేటెడ్) అని ఉంటే బేరింగ్ ఫ్రేమ్‌లోనే కూర్చుంటుంది, కొట్టి తీసే కప్పులు అందులో ఉండవు. అలాంటి ఫ్రేమ్‌లో రిమూవర్ పెట్టి సుత్తితో కొడితే పోయేది ఫ్రేమే. పాత 1 అంగుళం సైకిళ్ల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఐఎస్‌ఓ (అంతర్జాతీయ) కొలతలో కప్పు 30.2, క్రౌన్ రేస్ 26.4 మిల్లీమీటర్లు. జపాన్ వాళ్ల జేఐఎస్ కొలతలో 30.0, 27.0. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. 26.4 ఫోర్క్ మీద 27.0 రేస్ వదులుగా ఆడుతుంది, ఎంత బిగించినా నిలవదు.

ఇక రిమూవర్. ఒక ఉక్కు గొట్టం, ఒక చివర నాలుగు పాయలుగా చీలి బయటికి విచ్చుకుని ఉంటుంది. పై కప్పు తీయాలంటే సన్నటి చివరని పై నుంచి లోపలికి దించి, కింది వైపు నుంచి లాగాలి. పాయలు కప్పు దాటగానే టక్కుమని విచ్చుకుని కప్పు లోపలి అంచుని నాలుగు వైపులా పట్టుకుంటాయి. ఇప్పుడు కింద పొడుచుకొచ్చిన చివర మీద సుత్తితో కొడితే కప్పు తిన్నగా పైకి లేస్తుంది. పాయలు దగ్గరికి ముడుచుకునేటప్పుడు వేళ్లు మధ్యలో పెట్టకండి, గట్టిగా నలుగుతాయి. చప్పుడు మారిందంటే కప్పు ఊడబోతోంది, రెండో చేత్తో పట్టుకోండి.

షాపుల్లో పొడవాటి స్క్రూడ్రైవరో ఇనుప కడ్డీయో పెట్టి ఒకసారి ఇటూ ఒకసారి అటూ కొడతారు. మందపాటి ఉక్కు ఫ్రేమ్ దాన్ని తట్టుకుంటుంది. అల్యూమినియం హెడ్‌ట్యూబ్‌లో లోపల గీతలు పడతాయి, కప్పు వంకరగా లేస్తూ రంధ్రాన్ని సాగదీస్తుంది. రంధ్రం సాగిందా, తర్వాత ఏ కప్పు వేసినా వదులే. నేను రిమూవర్‌కి అంత విలువ ఇచ్చేది ఇందుకే. నాది పార్క్ టూల్ కంపెనీ ఆర్‌టీ-1, ఇది 1 అంగుళం, 1-1/8 అంగుళాల హెడ్‌సెట్‌లకు సరిపోతుంది. టేపర్డ్ ఫోర్క్ (గొట్టం కింద లావుగా ఉండేది) ఉన్న సైకిల్‌కి కింద 1.5 అంగుళాల కప్పు ఉంటుంది, దానికి పెద్ద సైజు రిమూవర్ విడిగా కావాలి. ఇన్నేళ్లలో పాయలు వంగలేదు, పట్టు తగ్గలేదు.

ప్రెస్ సంగతి. మర తిప్పి కప్పుని లోపలికి నొక్కే టూల్ ఇది. కప్పు హెడ్‌ట్యూబ్ కంటే సుమారు 0.1 నుంచి 0.25 మిల్లీమీటర్లు పెద్దగా ఉంటుంది, ఆ బిగువే దాన్ని పట్టి ఉంచుతుంది. కాబట్టి తిన్నగా నొక్కాలి. రెండు కప్పులూ ఒకేసారి నొక్కొచ్చని టూల్స్ అమ్మేవాళ్లు చెబుతారు, నేను మాత్రం ఒక్కోటే ఎక్కిస్తాను. ఎటు వంగుతోందో అప్పుడే తెలుస్తుంది. రంధ్రం తుడిచి, సన్నగా గ్రీజు రాసి, సగం తిప్పు తిప్పి ఆగి, కప్పు అంచుకీ ట్యూబ్‌కీ మధ్య సందు చుట్టూరా సమానంగా ఉందో లేదో చూస్తాను. ఒక పక్క ఎక్కువైతే వెనక్కి తీసి మళ్లీ మొదలు. చేతికి బిగువు ఒక్కసారిగా పెరిగితే కప్పు కూర్చున్నట్టే, అక్కడ ఆపేయాలి. బలం ఎప్పుడూ కప్పు అంచు మీదే పడాలి. బేరింగ్ మీద నొక్కితే కొత్త బేరింగే పాడవుతుంది.

హార్డ్‌వేర్ షాపులో దొరికే మర కడ్డీ, రెండు నట్లు, మందపాటి వాషర్లతో కూడా ఇదే పని అవుతుంది. ప్రెస్ కొనకముందు అలాగే చేసేవాణ్ణి, కప్పులు బాగానే కూర్చున్నాయి. తేడా ఏమిటంటే వాషర్ రంధ్రం కడ్డీ కంటే వదులుగా ఉంటుంది, అడుగడుగునా సరిచేసుకుంటూ పోవాలి. ఎప్పుడో ఒకసారి మార్చేవాళ్లకు ఆ ఓపిక చాలు. చవకగా దొరికే పేరులేని ప్రెస్ ఒకటి వాడి చూశాను. దాని బుష్‌లు (కప్పు మీద ఆనే బిళ్లలు) వాషర్ల కంటే వదులుగా ఉన్నాయి. దానికంటే మర కడ్డీయే నయం.

సెట్టర్ అంటే బరువైన గొట్టమే. ఫోర్క్ గొట్టం మీద సరిగ్గా జారేలా, రేస్ లోపలి అంచు మీదే ఆనేలా తగిన సైజు ఇనుప పైపు దొరికితే అదే పని చేస్తుంది. బాల్స్ దొర్లే చోట మాత్రం పైపు తగలకూడదు. ఇప్పుడు చాలా హెడ్‌సెట్‌లకు చీలిక ఉన్న క్రౌన్ రేస్ వస్తోంది, చేత్తోనే దిగుతుంది. కార్బన్ ఫోర్క్ మీద సుత్తి దెబ్బలకు నేను ఒప్పుకోను, అక్కడ చీలిక రేసే వేస్తాను.

బీచ్ దగ్గర ఉండేవాళ్లు ప్రెస్ మరలకు నూనె రాసి, గుడ్డ చుట్టి పెట్టండి. గాలికి వదిలేస్తే వర్షాకాలం దాటేలోపే మర గరగరలాడుతుంది, నొక్కేటప్పుడు బిగువు కప్పుదో మరదో చేతికి తెలియదు.