డీపీఎస్‌ఐఆర్: ఏళ్ల తరబడి వాడాక చెప్పేది

చెరువులు, సరస్సుల మీద నివేదికలు రాయడం నా పని. ఏ చట్రంలో రాయాలని అడిగిన వాళ్లకు ఇన్నాళ్లూ డీపీఎస్‌ఐఆర్ పేరే చెబుతూ వచ్చాను. ఇప్పటికీ అదే చెబుతాను, కాకపోతే కొన్ని షరతులతో.

మూలకారణం, ఒత్తిడి, స్థితి, ప్రభావం, స్పందన అని ఇందులో ఐదు గళ్లు, ఏది దేనికి దారితీస్తుందో చూపే బాణాలు వాటి మధ్య. ఆ గళ్ల ఇంగ్లిష్ పేర్ల మొదటి అక్షరాలే డీపీఎస్‌ఐఆర్. 1993లో ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) వాడిన మూడు గళ్ల పీఎస్‌ఆర్‌ను (ఒత్తిడి, స్థితి, స్పందన) విస్తరించి, 1990ల చివర్లో యూరోపియన్ పర్యావరణ సంస్థ దీన్ని వ్యాప్తిలోకి తెచ్చింది.

దీని అసలు లాభం ఖాళీలు బయటపడటం. మన దగ్గర స్థితి గడి ఎప్పుడూ నిండుగానే ఉంటుంది: పీహెచ్, కరిగిన ఆక్సిజన్, బీఓడీ (నీటిలోని సేంద్రియ మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడే ఆక్సిజన్). పక్కనున్న ప్రభావం గడిలో రాయడానికి ఒక్క అంకె దొరకదు. మామూలు నివేదికలో ఈ లోటు పేజీల మధ్య కలిసిపోతుంది. ఇక్కడ తెల్లగా కనిపిస్తుంది, అధికారి కన్ను ముందు అక్కడే పడుతుంది.

చిక్కంతా బాణాల దగ్గర. కొల్లేరునే తీసుకోండి. వేసవిలో ఉప్పుటేరు మీదుగా సముద్రపు నీరు ఎగదన్నడం, నీటిలో ఉప్పు పెరగడం, లంక గ్రామాల తాగునీరు చెడటం, ఇంతవరకూ గళ్లు చక్కగా కుదురుతాయి. మరి చేపల చెరువులు? 1970లలో సహకార సంఘాలతో చెరువులు తవ్వించింది ప్రభుత్వమే, అప్పటికది జీవనోపాధి కోసం చేసిన స్పందన. 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ గుర్తింపు (అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలలకు ఇచ్చేది) వచ్చేనాటికి అవే చెరువులు ఒత్తిడి గడిలోకి చేరాయి. 2006లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తును చూపే హద్దు గీత) లోపలి చెరువు గట్లు తెగ్గొట్టారు. అది సరస్సుకు స్పందన, చెరువు మీద బతికే కుటుంబానికి ప్రభావం. ఏ గడిలో వేసినా మీటింగులో ఒకరు లేచి కాదంటారు, వాళ్లదీ తప్పు కాదు. అందుకే ప్రతి గడిలో రెండు అదనపు గీతలు పెట్టుకున్నాను: ఏ సంవత్సరం, ఎవరి వైపు నుంచి. సగం వాదన అక్కడే తెగుతుంది. మిగతా సగం స్థితికీ ప్రభావానికీ మధ్య హద్దు గురించి. చేపలు చచ్చి తేలడం ఏ గడిదో ఇప్పటికీ ఇద్దరు ఒక్కమాట మీద ఉండరు.

ఒకే ఫ్యాక్టరీకో రోడ్డుకో అంచనా వేయాలంటే దీన్ని ముట్టుకోకండి. దానికి 1971 నాటి లియోపోల్డ్ మాత్రిక అనే పట్టికే నయం. వంద పనులు అడ్డంగా, 88 పర్యావరణ అంశాలు నిలువుగా ఉంటాయి. 8,800 గళ్లూ ఎవరూ నింపరు, మీ ప్రాజెక్టుకు తగిలేవి ఉంచుకుని మిగతావి కొట్టేయండి. మనుషులూ డేటా రెండూ తక్కువైతే పాత పీఎస్‌ఆర్ చాలు.