ఆటోనగర్‌లో కట్టించుకున్న పికప్‌తో బేలం నుంచి సూర్యలంక దాకా

పికప్ కొని దాన్ని యాత్రల బండిగా మార్చుకోవాలనుకునేవాళ్లు ముందు పెద్ద టైర్లు, ముందు గార్డు, పైన లైట్ల వరస గురించే అడుగుతారు. మేం బండి కట్టించి, సీమ, కోస్తా చుట్టి వచ్చాక నేను చెప్పే వరస వేరు: నీడ, నీళ్లు, బరువు, ఆడవాళ్లకి బాత్రూమ్ ఎక్కడ దొరుకుతుందన్న లెక్క. ఈ నాలుగూ కుదిరితే మన రోడ్ల మీద మామూలు పికప్ చాలు.

మాది ఇసుజు వీ-క్రాస్, డీజిల్, ఫోర్ బై ఫోర్. తయారయ్యేది తడ దగ్గర శ్రీసిటీలోనే. 2016లో ఆ ఫ్యాక్టరీ మొదలైంది, ఆ ఏడాదే ఈ బండీ మార్కెట్లోకి వచ్చింది. నాలుగు తలుపుల బండి గనక వెనక తొట్టి పొడవు ఐదడుగుల లోపే. పడుకోవాలంటే వెనక తలుపు దించాల్సిందే. అది దించితే ఆరున్నర అడుగుల చోటొస్తుంది. మా కట్టడమంతా ఈ ఒక్క కొలత చుట్టూ తిరిగింది.

మావారి స్నేహితుడు తన రూఫ్ టెంటు వాడి చూడమని ఇచ్చారు. మడత విప్పితే ఇల్లంత ఉంది, బాగుంది. కానీ అరవై కిలోల బరువు బండి నెత్తిన ఉంటే ఘాట్ మలుపుల్లో ఒళ్లు ఊగడం నాకు సీట్లోనే తెలిసింది. అర్ధరాత్రి నిచ్చెన దిగి బాత్రూమ్‌కి వెళ్లడం ఇంకో సంగతి. అందుకే పడక తొట్టిలోనే అనుకున్నాం.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఒకటి మావారికి పాత పరిచయం. అక్కడి మేస్త్రి కొలతలు తీసుకుని మొదట అన్న మాట, "ఇనప గొట్టాలు వద్దమ్మా, అల్యూమినియం వేద్దాం. లారీకైతే ఇనుము మోస్తుంది, దీనికి భారం." అల్యూమినియం చట్రం, దాని మీద రేకు, రెండు పక్కలా పైకి లేచే కిటికీలు, లోపల ప్లైవుడ్ పడక, పడక కింద రెండు సొరుగులు. తొట్టికి ఎక్కడా బెజ్జం వేయలేదు. అంతా క్లాంపుల మీద నిలబడుతుంది, ఇద్దరు మనుషులుంటే ఎత్తి పక్కన పెట్టొచ్చు. దీనికో కారణం ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి అసలు రూపాన్ని మార్చడానికి లేదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. బుల్ బార్లనే ముందు గార్డులైతే 2017 డిసెంబరు నుంచే కుదరవు. విప్పి తీసేయగలిగిన సామానుతో పని జరుగుతున్నప్పుడు ఆ గొడవలోకి దిగడం దేనికి?

బండి సిద్ధమయ్యాక చేసిన పనుల్లో అన్నిటికన్నా పనికొచ్చింది కాటా దగ్గరికి తీసుకెళ్లడం. లారీలు తూచే కాటా మీద నీళ్లు నింపి, సామాను సర్ది, మేమిద్దరం కూర్చుని ఒకసారి మొత్తం తూకం, ఇంకోసారి వెనక చక్రాలు మాత్రమే ఎక్కించి తూకం. ఆర్‌సీలో ఖాళీ బరువు, నిండు బరువు రెండూ రాసి ఉంటాయి. ఆ తేడాయే బండి మోయగల బరువు, అది మీరు ఊహించినంత ఉండదు, నలభై లీటర్ల నీళ్లంటేనే నలభై కిలోలు. తూకం చూశాక నీళ్ల ట్యాంకుని తొట్టి చివర నుంచి క్యాబిన్ గోడ వైపు జరిపించాం. వెనక ఇరుసుకి అవతల పడే బరువు ముందు చక్రాల పట్టు తగ్గిస్తుంది, కమాన్ కట్టలు, అంటే వెనక బరువు మోసే స్ప్రింగు పట్టీలు, అదనంగా వేయించినంత మాత్రాన అది సర్దుకోదు.

కరెంటు విషయం కాస్త నిదానంగా చెప్తాను, డబ్బు ఎక్కువ వృథా అయ్యేది ఇక్కడే. చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు 45 వాట్ల దాకా లాగుతుంది. ఆగి ఆగి నడుస్తుంది గనక రోజుకి 450, 500 వాట్ అవర్ల లోపు. 12.8 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 1,280 వాట్ అవర్లు ఉంటాయి. అంటే ఫ్రిజ్, రెండు లైట్లు, ఫోన్లు కలిపి బండి కదలకపోయినా రెండు రోజులు నిశ్చింత. మూడు గంటలు ప్రయాణం చేస్తే, నడుస్తున్న ఇంజన్ నుంచి కరెంటు తీసుకునే 30 ఆంపియర్ల చార్జరు దాన్ని దాదాపు నింపేస్తుంది. రోజూ బండి కదిలేవాళ్లకి నా లెక్కన సోలార్ పలక అవసరం లేదు. దృష్టి పెట్టాల్సింది వైరు మీద. ముందున్న ఇంజన్ బ్యాటరీ నుంచి వెనక తొట్టికి ఐదు మీటర్లు. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే 30 ఆంపియర్ల దగ్గర రానూపోనూ ముప్పావు వోల్టు పైనే దారిలో పోతుంది. 16 వేయిస్తే అందులో సగం కూడా పోదు. వైరు రెండు కొసల్లోనూ, బ్యాటరీకి జానెడు దూరంలో, ఫ్యూజు ఉండాలి. ఎలక్ట్రీషియన్ ఒకటి చాలంటాడు, ఒప్పుకోవద్దు. రెండు వైపులా బ్యాటరీలే, ఎటు నుంచైనా మంట రావచ్చు.

దారి గుంటూరు, వినుకొండ, కంభం, గిద్దలూరు, నంద్యాల. ఎక్కువ భాగం 544డి జాతీయ రహదారి. కంభం చెరువు కట్ట దగ్గర భోజనానికి ఆగాం. విజయనగర రాజుల కాలం నాటి చెరువు, 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల్లో చేరింది. బండి పక్కన నీడకి గుడ్డ చాపి, వంట పెట్టుకోవడానికి అంత మంచి చోటు ఆ రోడ్డులో ఇంకోటి కనపడలేదు. రాత్రికి మాత్రం ఉండలేదు, బాత్రూమ్ లేదు. గిద్దలూరు దాటాక నల్లమల. అది పులుల అడవి, ఆగడానికి, పొయ్యి వెలిగించడానికి వీల్లేదు. పగటిపూటే దాటేయండి.

రోడ్డు పని జరుగుతున్న చోట్ల దుమ్ము బండి లోపలికి వచ్చేసింది. పడక మీద దుప్పటి ఎత్తితే అచ్చు పడినట్టు ఎర్రటి పొర. క్యానపీకి, అంటే తొట్టి మీద కట్టించిన ఆ రేకు గూడుకి, రబ్బరు బీడింగు బిగించిన షాపువాళ్లు వెనక తలుపు కింది అంచు వదిలేశారు. వాళ్లకి ఫోన్ చేస్తే దుమ్ము మామూలేనన్నారు. మామూలు కాదు. బండి వేగంగా వెళ్తుంటే వెనక భాగంలో గాలి పీడనం తగ్గి, ఏ సందు దొరికితే ఆ సందులోంచి దుమ్ముని లోపలికి లాగుతుంది. నంద్యాలలో కారు సీట్ల షాపులో తలుపు రబ్బరు మీటర్ల లెక్కన కొని అంచంతా అతికించాం, ముందు వైపున్న చిన్న కిటికీ కొద్దిగా తెరిచి ఉంచాం. ముందు నుంచి గాలి లోపలికి తోసుకొస్తుంటే వెనక నుంచి దుమ్ము రాదు. ఆ తర్వాత దుప్పటి మీద మరక పడలేదు.

బేలం గుహలు 3,229 మీటర్ల పొడవు, అందులో ఒకటిన్నర కిలోమీటర్ల మేర చూడనిస్తారు. లోపల ఉక్క భరించడం కష్టం, ఉదయాన్నే వెళ్తే నయం. పార్కింగ్ విశాలంగా ఉంది, కానీ అక్కడ బండి రాత్రికి పెట్టుకోవాలనిపించలేదు. గండికోట గంటన్నర దూరంలోనే ఉంటే దేనికి?

గండికోటలో మూడు రకాల వసతి ఉంది: టూరిజం వాళ్ల హరిత హోటల్, ఊళ్లో కుర్రాళ్లు నడిపే టెంట్ల చోట్లు, జమ్మలమడుగు లాడ్జీలు. మేం కోటకి బయట ఒక టెంట్ల చోటు ఎంచుకున్నాం. "టెంటు వద్దు, బండి పెట్టుకుంటాం, బాత్రూమ్ వాడుకుంటాం, భోజనం మీ దగ్గరే" అంటే ఒప్పుకున్నారు. రాగి సంగటి, నాటుకోడి పులుసు. పులుసు ఘాటుకి నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అయినా రెండోసారి వేయించుకున్నాను. బాత్రూమ్‌లో గడియ ఉంది, బకెట్‌లో నీళ్లున్నాయి, లైటు వెలిగింది. నా లెక్కలో అది పూర్తి మార్కులు.

రాత్రి పెన్నా లోయ వైపు నుంచి గాలి మొదలైంది. పక్క టెంట్ల తాళ్లు పటపటమని కొట్టుకుంటున్నాయి, ఒక కుటుంబం లేచి కార్లో పడుకుంది. మావారు బండిని తిప్పి ముఖం గాలికి ఎదురుగా పెట్టారు. తెరిచిన వెనక తలుపు చుట్టూ మేస్త్రి కుట్టించిన కాన్వాస్ తెర అప్పుడు గాలి మరుగున పడింది, కదలకుండా నిలబడింది. రూఫ్ టెంటు వేసుకుని ఉంటే ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు. గండికోటలో టెంటు బుక్ చేసుకునేవాళ్లు లోయ అంచుకి దగ్గరని ఎక్కువ ఇవ్వకండి, గోడ చాటున ఉన్నది అడగండి. తెల్లవారి లోయ చూడటానికి ఎలాగూ నడిచే వెళ్తారు.

కడప దాటి గువ్వలచెరువు దగ్గర పాలకోవా కొన్నాం, ఫ్రిజ్‌లో దానికి చోటు ముందే ఉంచాను.

తలకోనకి వెళ్లే దారిలో మా బండికి అసలు పరీక్ష భాకరాపేట దగ్గర ఎదురైంది. శేషాచలం అంటే ఎర్రచందనం. మూసిన పికప్ కనపడితే చెక్‌పోస్టు వాళ్లు ఆపకుండా వదలరు, వదలకూడదు కూడా. గార్డు టార్చి పట్టుకుని సొరుగులు తీయమన్నాడు. మొదటి దాంట్లో గిన్నెలు, రెండో దాంట్లో బట్టలు. పడక ప్లైవుడ్‌ని వేలితో కొట్టి చూసి, "కింద బోలుగా ఉందేంటమ్మా?" అన్నాడు. నీళ్ల ట్యాంకు, బ్యాటరీ చూపించాను. ఫ్రిజ్ తెరిచి పాలకోవా ఇవ్వబోతే నవ్వి వద్దన్నాడు. ఇదంతా ఐదు నిమిషాల్లో అయిపోయిందంటే సొరుగులు తాళం లేకుండా సులువుగా బయటికొచ్చేలా ఉండటం వల్లే. మీరు కట్టించుకునేటప్పుడు మూలమూలలా రహస్య అరలు పెట్టించకండి, అన్నీ వెనక నుంచి ఒక్క చూపులో కనపడాలి.

తలకోన జలపాతం 270 అడుగులు, మన రాష్ట్రంలో అంత ఎత్తైనది ఇంకోటి లేదు. చలికాలం మొదట్లో నీళ్లు నిండుగా ఉంటాయి. ఇక్కడ బండిలో పడుకోలేదు, గది తీసుకున్నాం. గది పాతదే, గోడలకి చెమ్మ, వేడినీళ్లు బకెట్‌తో అడిగి తెచ్చుకోవాలి. అయినా అడవిలో బండి తలుపు తెరిచి పడుకోవడం జంతువులకీ మనకీ మంచిది కాదు. కోతులు పగలే ఫ్రిజ్ మూత తెరవబోయాయి. సొంత పడక ఉంది గదా అని ప్రతిచోటా బండిలోనే ఉండాలన్న పట్టుదల వద్దు.

తిరుపతిలో సత్రం గేటు దగ్గర వాచ్‌మన్ మమ్మల్ని చూసి, "గూడ్స్ బండ్లు వెనక సందులో పెట్టాలి" అన్నాడు. తెల్ల నంబరు ప్లేటు చూపిస్తే వదిలాడు. పికప్ కొన్న ప్రతివాళ్లకీ ఇది తప్పదు, ఆర్‌సీ కాపీ ఒకటి చేతికందేలా పెట్టుకోండి.

శ్రీకాళహస్తి, వరదయ్యపాళెం మీదుగా తడకి. శ్రీసిటీ పక్కనుంచి వెళ్తున్నప్పుడు మావారు హారన్ కొట్టారు. ఆ సంబరం నాకూ ఉంది. అక్కణ్నుంచి సూళ్లూరుపేట. శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే పోతుంది. చలికాలంలో రాజహంసలు రోడ్డు మీద నుంచే కనపడతాయి. ఉదయం ఏడింటికి వెళ్లాం, గులాబీ గీత గీసినట్టు దూరంగా బారులు తీరి ఉన్నాయి. బండి పూర్తిగా రోడ్డు దించి, ఇంజన్ ఆపి, లోపల కూర్చునే చూడండి. మనిషి దిగితే దూరం జరుగుతాయి. సూళ్లూరుపేటలో లాడ్జీ గది శుభ్రంగా ఉంది, పార్కింగ్ మాత్రం ఇరుకు, మా బండి పొడవు అయిదున్నర మీటర్లకి కాస్త తక్కువ. ముందే ఫోన్‌లో అడగండి. నేలపట్టులో గూడబాతుల గూళ్లు చూడటానికి సాయంత్రం వెళ్లాం, రెండు గంటలు ఇట్టే గడిచాయి.

ఒక రాత్రి పదహారో నంబరు హైవే మీద పెద్ద పెట్రోలు బంకులో గడిపాం. డీజిల్ కొట్టించుకుని మేనేజర్ని అడిగితే లారీల వరసకి దూరంగా, కెమెరా కింద చోటిచ్చారు. స్నానాల గది శుభ్రంగా ఉంది, రాత్రంతా మనుషులున్నారు. చప్పుడు, వెలుతురు తప్పవు, చెవుల్లో దూది, కళ్ల మీద గుడ్డ కావాలి. ఆడమనిషిగా చెప్తున్నాను, ఎవరూ లేని అందమైన చెరువు గట్టు కన్నా ఆ బంకులో నాకు ధైర్యంగా నిద్ర పట్టింది.

మైపాడులో ఇసుక మీదికి బండ్లు దింపి ఆడుకునేవాళ్లని చూశాం. టైర్లలో గాలి ఇరవై పౌండ్లకి తగ్గిస్తే ఇసుకలో బండి తేలిగ్గానే పోతుంది, మాకూ తెలుసు. కానీ జనవరి నుంచి మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేది ఆ ఇసుకలోనే. చక్రం కింద గూడు నలిగితే పైకి ఏమీ కనపడదు. దయచేసి బండి రోడ్డు దగ్గరే ఆపి నడవండి.

ఒంగోలు, చీరాల మీదుగా సూర్యలంక. హరిత రిసార్ట్‌లో గది దొరికింది. సముద్రం గుమ్మం ముందే. వారాంతం అయితే జనం, పాటల హోరు, మామూలు రోజున వెళ్లగలిగితే వెళ్లండి. మర్నాడు బాపట్లలో బండిని లిఫ్టు ఎక్కించి కిందంతా మంచినీళ్లతో కడిగించాం. సముద్రం దగ్గర పెట్టిన బండికి ఉప్పు తేమ ఇనుముని తినడం మొదలెట్టేది కమాన్ కట్టల సందుల్లో, బ్రేకు పైపుల క్లిప్పుల దగ్గర. నీళ్లు కొట్టే కుర్రాడు పైన నురగ వేసి మెరిపించడానికే చూస్తాడు, పక్కన నిలబడి ఆ రెండు చోట్లూ చూపించి కడిగించాలి.