పెంచలకోనలో ఒక రాత్రి, భైరవకోనలో ఒక పూట

మా నెల్లూరు వీధుల్లో ‘పెంచలయ్యా’ అని కేకేస్తే ఇద్దరు ముగ్గురు తిరిగి చూస్తారు. నా కథల్లోనూ ఆ పేరు చాలాసార్లు వచ్చింది. ఆ పేరు పుట్టిన కోనలో ఒక్క రాత్రి కూడా నిద్ర చేయలేదన్న వెలితి మాత్రం ఎప్పుడూ ఉండేది. మొన్న వానలు వెనకబట్టాక సంచీలో నోటు పుస్తకం వేసుకుని బయల్దేరాను.

పొదలకూరు, రాపూరు మీదుగా బస్సులో సుమారు 80 కిలోమీటర్లు. గోనుపల్లి దగ్గరికి వచ్చేసరికి వెలిగొండలు దారికి అడ్డంగా నిలబడతాయి. శనివారం జనం ఎక్కువని సోమవారం వెళ్లాను. సత్రంలో గది తేలిగ్గానే దొరికింది. మంచం, ఫ్యాన్, బకెట్, అంతే. దుప్పటి మనదే. ఎనిమిదింటికల్లా హోటళ్లు కట్టేశారు, తొమ్మిదింటికి కరెంటు పోయింది. పిల్లలతో వెళ్లేవాళ్లు తినడానికి ఏదైనా వెంట ఉంచుకోవాలి. నాకైతే ఆ చీకటి మేలే చేసింది. ఏటి చప్పుడు గదిలోకి వచ్చింది.

హిరణ్యకశిపుణ్ణి చంపాక కోపం చల్లారక ఈ అడవుల్లో తిరుగుతున్న నరసింహస్వామి ఓ చెంచు పిల్ల మీద మనసు పడ్డాడట. ఇద్దరూ పెనవేసుకుని శిలైపోయారట. అదే పెనుశిల, జనం నోట పెంచల. సంగతి తెలిసిన ఆదిలక్ష్మి అలిగి ఏటికి అవతల ఉండిపోయింది. అమ్మవారి గుడి ఇప్పటికీ అక్కడే, స్వామికి ఎడంగా ఉంటుంది.

పొద్దున్నే చెప్పులు చేత్తో పట్టుకుని ఏట్లో దిగాను. చీలమండల దాకా నీళ్లు, కాళ్ల చుట్టూ చిన్న చిన్న చేపపిల్లలు. గట్టున ఉసిరికాయలు అమ్ముతున్న అవ్వ, “నిదానంగా రా నాయనా, రాళ్లు జారతాయి” అంది. కాయలు కొంటూ అమ్మవారి అలక గురించి అడిగాను. “ఇంకా తీరలా” అంది, పక్కింటావిడ సంగతి చెప్పినట్టు. ఆ అలక రాయాలంటే నాకు పది పేజీలైనా చాలవు. ఈ కోనవాళ్లు మధ్యలో ఒక ఏరు పెట్టి ఊరుకున్నారు.

అక్కణ్నుంచి ఉదయగిరి. లాడ్జిలో వేడినీళ్లు, ఏసీ అన్నీ ఉన్నాయి కానీ కింద బస్సుల హారన్లకి తెల్లారేదాకా కన్ను మూతపడలేదు. కోట ఎక్కే ఓపిక లేక చెక్క గరిటెలు చేసేవాళ్ల ఇళ్లకి వెళ్లాను. ఈ గరిటెలకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఒకామె అరచేతిలో పట్టేంత చెంచాని ఆకురాయితో రుద్దుతోంది. కాసేపు రుద్దడం, వెలుతురుకి ఎత్తి చూడటం, మళ్లీ రుద్దడం. వాక్యం దిద్దేటప్పుడు నేనూ అంతే చేస్తాను. రెండు కొన్నాను, బేరం ఆడబుద్ధి కాలేదు.

భైరవకోన పాత ప్రకాశం జిల్లా చంద్రశేఖరపురం మండలంలో ఉంది. బస్సులని నమ్ముకుంటే తిరుగు ప్రయాణం కష్టమని రానూపోనూ కారు మాట్లాడుకున్నాను. ఖర్చయినా మంచి పనే అయింది. ఒకే కొండని తొలిచి చేసిన 8 గుళ్లు. ఏడు తూర్పు ముఖం, ఒకటి ఉత్తర ముఖం. పక్కనే జలపాతం. కార్తీక పున్నమి రాత్రి వెన్నెల దుర్గమ్మ మీద పడుతుందని చెబుతారు. నేను వెళ్లింది మిట్టమధ్యాహ్నం, రాయి కాలిపోతోంది. గుళ్లు చూడ్డానికి ఒక పూట చాలు. ఆ వెన్నెల కోసం మాత్రం ఇంకోసారి రావాలి.

రెండింట్లో ఒకటే వీలయ్యేవాళ్లకి పెంచలకోనే చెబుతాను, అదీ రాత్రి ఉండేలా వెళ్లమని. కరెంటు పోయిన ఆ రాత్రి సెల్‌ఫోన్ లైటు వెలుగులో నాలుగు పేజీలు రాశాను. కథ ఇంకా పూర్తికాలేదు. ఆదిలక్ష్మి ఏట్లో అడుగుపెట్టి, ఒక్కసారి వెనక్కి చూసిన చోట ఆగింది.