42 అడుగుల గ్రాండ్ బ్యాంక్స్ యూరోపా: ఇంటిల్లిపాదీ ఎక్కగలిగే పడవ

సింగపూర్‌లో స్థిరపడ్డ మా తమ్ముడు కుటుంబంతో తిరగడానికి ఒక మోటార్ యాట్ కొనాలనుకుని, ఎంపిక పని నాకు అప్పగించాడు. నేను సరుకు ఓడల్లో చీఫ్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను, ఉండేది చెన్నై పెరంబూర్‌లో. పడవ ఉండేది మలేసియాలోని లంకావీలో. సెలవులకు ఇక్కణ్ణించి మేమూ అక్కణ్ణించి వాళ్లూ వెళ్లి కలుస్తాం. కొన్నది 1980ల తొలినాళ్ల గ్రాండ్ బ్యాంక్స్ 42, యూరోపా నమూనా. ఒక సీజన్ వాడాక ఇది రాస్తున్నాను. పెద్దవాళ్లూ పిల్లలూ ఉన్న ఇంటికి ఈ సైజులో ఇంతకంటే మంచి పడవ నా కంటపడలేదు.

ఎక్కేవాళ్లు ఎవరో చెప్పకుండా ఏ పడవ మంచిదో చెప్పలేం. అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు, కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. తమ్ముడి కూతురికి పదకొండు, కొడుకుకి ఆరు. మరదలికి సముద్రం పడదు, అయినా రానని ఏనాడూ అనదు. నా భార్యకు వంటిల్లు వీలుగా లేకపోతే ఎంత అందమైన చోటైనా మనసు నిలవదు. నడిపేది తమ్ముడు, ఇంజన్లు చూసుకునేది నేను. జీతానికి కెప్టెన్ని పెట్టుకునే ఉద్దేశం లేదు. యాభై అడుగులు దాటిన పడవను ఇద్దరే రేవులో కట్టడం, విప్పడం శ్రమ. పైగా రేవు అద్దె అడుగుల లెక్కన పడుతుంది. అందుకని 38, 46 అడుగుల మధ్యే వెతికాం.

మొదట చూసింది 45 అడుగుల కొత్త తరహా ఫ్లైబ్రిడ్జ్ బోటు, అంటే కప్పు మీద కూడా కూర్చుని నడిపే చోటున్నది. పాడ్ డ్రైవులు (పడవ అడుగున ప్రొపెల్లర్‌తో సహా తిరిగే యంత్రాలు), జాయ్‌స్టిక్. వోల్వో పెంటా వాళ్లు 2005 ప్రాంతంలో ఐపీఎస్ అనే పాడ్ డ్రైవు తెచ్చాక ఈ తరహా పడవల రూపే మారిపోయింది. ప్రొపెల్లర్లు ముందువైపు తిరిగి ఉండి నీటిని లాగుతాయి, ఇంజన్లు వెనక్కి జరుగుతాయి, ఖాళీ అయిన నడుం భాగంలో పడవ వెడల్పంతా కలిసొచ్చే పడకగది వస్తుంది. జాయ్‌స్టిక్ పట్టుకుని పక్కకి జరుపుతూ జెట్టీకి ఆనించడం చూస్తే నాకే ముచ్చటేసింది. కానీ వెనక డెక్ మీద మూత తీసి ఇంజన్ల దగ్గరికి దిగితే, బోర్లా పడుకుంటే గానీ రెండో ఇంజన్ సముద్రపు నీటి పంపు చేతికందదు. ఆ పంపులో రబ్బరు ఇంపెల్లర్ (నీటిని తోసే రెక్కల చక్రం) చిరిగిందంటే ఇంజన్ వేడెక్కి ఆగిపోతుంది. పిల్లలు పైన ఉండగా, గాలి లేస్తుండగా ఆ మరమ్మతు చేయాల్సింది నేనే. చేయలేనని నా నడుముకు తెలుసు. అమ్మేవాళ్లు ముందుగా సోఫా చూపిస్తారు, కాఫీ ఇస్తారు. నేను మాత్రం నేల పలక ఎత్తమంటాను. మీరూ అదే అడగండి. ఇంజన్ పక్కన మనిషి కూర్చోలేని పడవను, మీతో మెకానిక్ ఉంటే తప్ప కొనకండి.

బెనెటో వాళ్ల స్విఫ్ట్ ట్రాలర్ మీద మనసు బాగానే పోయింది. 1884 నుంచీ పడవలు కడుతున్న ఫ్రెంచి సంస్థ. నడవడానికి పక్క డెక్‌లు, నీడ, అవసరమైతే వేగం, అన్నీ ఉన్నాయి. కొత్తది మా లెక్కకు అందలేదు. డబ్బున్నవాళ్లు నిరభ్యంతరంగా చూడొచ్చు. రెండు హల్‌లు (నీళ్లలో ఉండే పడవ ఒళ్లు) పక్కపక్కన ఉండే పవర్ కాటమరాన్ కూడా చూశాం, అస్సలు ఊగదు. అయితే దాని వెడల్పుకు చాలా మెరీనాల్లో అద్దె ఎక్కువ పడుతుంది, చోటు దొరకడమూ కష్టమే.

ఇక వేగం సంగతి. మా వీధిలో పడవ మాట వినగానే అందరూ మొదట అడిగింది అదే. పడవ నీటిని చీల్చుకుంటూ పోయేటప్పుడు దాని పొడవే దాని వేగానికి హద్దు. నీటి మట్టం దగ్గర పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వేగం నాట్లలో వస్తుంది; నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, దాదాపు 1.85 కిలోమీటర్లు. 40 అడుగులకు దాదాపు 8.5. అది దాటాలంటే పడవ నీళ్ల మీదికి లేవాలి, దానికి గుర్రాల బలం కావాలి. డీజిల్ ఇంజన్ హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 0.2 లీటరు తాగుతుందని మా పాత లెక్క. చెన్నై హార్బర్ నుంచి పుదుచ్చేరికి సముద్రం మీద 75 నాటికల్ మైళ్లు అనుకోండి. 22 నాట్ల మీద 600 హార్స్‌పవర్ వాడుతూ పోతే మూడున్నర గంటల లోపే చేరతారు, 400 లీటర్లు పోతాయి. మా పడవ 8 నాట్ల మీద తొమ్మిది గంటల పైన తీసుకుంటుంది, రెండు ఇంజన్లూ కలిపి గంటకు పద్దెనిమిది లీటర్ల చొప్పున 170 లీటర్లతో సరిపెడుతుంది. ఆదివారం పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలనుకునేవాళ్లకు ఈ పడవ పనికిరాదు, ఆ మాట గట్టిగా చెబుతున్నాను. లంకావీ సంగతి వేరు. అక్కడ నూరు దాకా దీవులు పక్కపక్కనే ఉన్నాయి. కువా రేవులో టిఫిన్ చేసి బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి దయాంగ్ బుంతింగ్ దీవి పక్కన లంగరు వేసి ఉంటాం. ఆ దీవి నడుమ మంచినీటి సరస్సు ఉంది, పిల్లలు బయటికి రామంటారు.

ఇంజన్ల గురించి కాస్త ఎక్కువే రాస్తాను, క్షమించాలి. రెండూ ఫోర్డ్ లేమన్ 120లు. ఫోర్డ్ వాళ్ల ఆరు సిలిండర్ల డీజిల్‌నే లేమన్ వాళ్లు సముద్రానికి తగ్గట్టు మార్చారు. టర్బో లేదు, కంప్యూటర్ లేదు. డీజిల్, గాలి, చల్లార్చడానికి నీళ్లు, ఇంతే దానికి కావలసింది. మన కాశిమేడు రేవులో లేలాండ్ ఇంజన్లు విప్పే మెకానిక్‌ని తీసుకెళ్లి ముందు నిలబెట్టినా అరగంటలో చేతులు నల్లగా చేసుకుని పని మొదలుపెడతాడు. ఒక్క విషయం మాత్రం కొనేవాళ్లు గుర్తుంచుకోవాలి. ఈ 120లో ఇంజెక్షన్ పంపుకు విడిగా నూనె ఉంటుంది. ఇంజన్ ఆయిల్ మార్చినంత మాత్రాన అది మారదు. యాభై గంటలకోసారి దాన్ని కూడా మార్చాలి. పాత యజమాని ఆ పని చేశాడా అని అడగండి. తడబడితే ఆ ఇంజన్‌ను ఎలా చూసుకున్నాడో అర్థమైపోతుంది. మాకు అమ్మినాయన గంటల పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాడు, ప్రతి పేజీలోనూ ఆ పంపు నూనె లెక్క విడిగా రాసి ఉంది. ఇంజన్ ముట్టుకోకముందే నాకు సగం నమ్మకం కుదిరింది.

సెలూన్ (పడవలోని హాలు) నేల పలకలు ఎత్తితే ఇంజన్ గది. నిలబడలేం గానీ రెండు ఇంజన్ల మధ్య పీట వేసుకుని కూర్చోవచ్చు. బయటివైపు, అంటే ఇంజన్‌కూ డీజిల్ ట్యాంకుకూ మధ్య సందు మాత్రం ఇరుకే. రెండు ఇంజన్లున్న ఈ సైజు పడవలన్నిటికీ ఉన్న ఇబ్బందే అది. ట్యాంకుల్లో రెండు వేల లీటర్లకు పైగా పడుతుంది. అడుగున పొడవాటి కీల్ (పడవ అడుగున పొడవునా ఉండే వెన్ను) ఉంది గానీ రెండు ప్రొపెల్లర్లూ దానికి చెరోపక్కన ఉంటాయి కాబట్టి నీళ్లలో తేలే దుంగలూ తెగిన వలలూ తగలకుండా చూసుకోవాలి. ఆ సముద్రంలో రెండూ కనిపిస్తాయి.

పైన అమ్మ రాజ్యం. యూరోపా నమూనాను ఎంచుకోవడానికి కారణమే ఆమె. గ్రాండ్ బ్యాంక్స్ క్లాసిక్‌లో వెనక ఒక పడకగది ఉంటుంది, రెండు కుటుంబాలు చెరో కొసన ఉండొచ్చు, చాలామంది దాన్నే ఇష్టపడతారు. కానీ అందులో ఎటు వెళ్లాలన్నా మెట్లే. యూరోపాలో సెలూన్, వెనక డెక్ దాదాపు ఒకే మట్టంలో ఉంటాయి. పైకప్పు వెనక్కీ పక్కలకీ చాచి ఉంటుంది కాబట్టి రోజంతా నీడ. అమ్మ పొద్దున కాఫీ గ్లాసుతో వెనక కుర్చీలో కూర్చుంటే మళ్లీ భోజనానికే లేస్తుంది. పడకగదులు ముందుభాగంలో కిందికి ఉన్నాయి. ఆ మెట్లు రాత్రిపూట దిగనని, సెలూన్ సోఫా మీదే పడుకుంటానని ఆమే తేల్చేసింది. మెట్ల పక్కన ఒక స్టీలు కడ్డీ, ఎక్కే చోట ఇంకొకటి బిగించాను. పక్క డెక్‌లకు మోకాలు దాటే ఎత్తులో గోడ, దానిపైన రెయిలింగ్ ఉన్నాయి కాబట్టి చిన్నాడు చుట్టూ పరిగెత్తినా గుండె ఆగదు. అయినా సెలూన్ గడప దాటితే లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందే. ఫ్లైబ్రిడ్జ్ నిచ్చెన నిటారుగా ఉంది. "పెద్దనాన్నా, ఎక్కనా?" అని అడిగి, నేను వెనక నిలబడ్డాకే వాడు కాలు పెడతాడు.

వంటిల్లు పైన సెలూన్‌లోనే ఉంది. చుట్టూ కిటికీలు. కిందిగదిలో వంటిల్లున్న పడవలు చాలా చూశాం, అక్కడ నిలబడి తాలింపు పెడితే సముద్రం పడనివాళ్ల సంగతి అంతే. ఇక్కడ నా భార్య పప్పు కుక్కర్ ఎక్కించి దీవులు చూస్తూ ఉల్లిపాయలు తరుగుతుంది. గ్యాస్ వాడేవాళ్లు ఒకటి గమనించాలి: వంటగ్యాస్ గాలికంటే బరువు, లీకైతే పడవ అడుగుకు దిగి నిలిచిపోతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. సిలిండర్ పెట్టె డెక్ మీదే ఉండాలి, దాని అడుగు రంధ్రం సముద్రంలోకే తెరుచుకోవాలి. కొనగానే నేను మొదట చూసింది ఆ రంధ్రమే.

ఊగడం గురించి దాచను. నెమ్మదిగా నడిచే పడవలు పక్కనుంచి వచ్చే అలకు ఊగుతాయి, ఇదీ అంతే. సీకీపర్ లాంటి జైరో పెట్టించుకోవచ్చు. లోపల బరువైన చక్రం శూన్యంలో గిర్రున తిరుగుతూ పడవ ఒరగకుండా ఆపుతుంది. అయితే దానికి విద్యుత్తు కావాలి, చక్రం వేగం అందుకోవడానికి సమయం కావాలి, ధర కూడా పెద్దదే. మేం పెట్టించలేదు. అలను నేరుగా పక్కన తీసుకోకుండా దారి మలుచుకోవడం, మధ్యాహ్నం గాలి లేవకముందే లంగరు వేయడం తమ్ముడు అలవాటు చేసుకున్నాడు. మరదలు ముందురోజు రాత్రే మాత్ర వేసుకుంటుంది, డెక్ మీదే కూర్చుంటుంది. ఆమెకు కష్టం తగ్గింది గానీ పోలేదు. ఇంట్లో సముద్రం పడనివాళ్లు ఇద్దరు ముగ్గురుంటే కాటమరానే చూసుకోండి.

పాత పడవ కొనేటప్పుడు భయపడాల్సింది హల్‌కు కాదు. గ్రాండ్ బ్యాంక్స్‌లు 1973 దాకా చెక్కతో వచ్చాయి, ఆ తర్వాత ఫైబర్‌గ్లాస్. ఆ రోజుల ఫైబర్‌గ్లాస్ మందంగానే పోశారు. భయపడాల్సింది టేకు డెక్‌కు. పలకలను వందలకొద్దీ స్క్రూలతో బిగించేవారు, ప్రతి స్క్రూ కాలక్రమంలో నీళ్లకు ఒక దారి. ఆ నీరు కింద ఇనుప డీజిల్ ట్యాంకుల నెత్తిన చేరి తుప్పు పట్టిస్తుంది. ట్యాంకు మార్చాలంటే ఇంజన్ పక్కకు తీయాల్సి రావచ్చు. కాబట్టి పడవను ఒడ్డుకెక్కించి సర్వేయర్ చేత సుత్తితో తట్టించండి, తేమ మీటర్ పెట్టించండి, రెండు ఇంజన్ల నూనెనూ ల్యాబ్‌కు పంపండి. పూర్తి వేగంతో కొంతసేపు నడిపించి ఉష్ణోగ్రత ఎక్కడ నిలుస్తుందో మీరే చూడండి. మేం చూసిన పాత 42లు లక్ష నుంచి రెండు లక్షల అమెరికన్ డాలర్ల దాకా పలికాయి. తక్కువ ధర చెప్పినవాటిలో ఎక్కువ భాగానికి డెక్ మెత్తబడి ఉంది. ఏటా పడవ విలువలో పదో వంతు ఖర్చవుతుందని అందరూ చెప్పే లెక్క. ఈ వయసు పడవకు అంతకంటే ఎక్కువే పక్కన పెట్టుకోవాలి.

చెన్నైలోనే ఉంచుకోవచ్చు కదా అని ఇక్కడి తెలుగువాళ్లు చాలామంది అడిగారు. నాకూ ఆ కోరిక ఉంది. కానీ ఇది సహజమైన రేవు కాదు. అలకు అడ్డంగా గోడలు కట్టి చేసుకున్న హార్బర్, కడుతుండగానే 1881 తుపాను ఆ గోడల్ని దెబ్బతీసింది. రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ 1911 నుంచీ అక్కడ ఉంది, తెరచాప పడవలు నేర్చుకునే పిల్లలకు గొప్ప చోటు. కుటుంబ యాట్‌ను ఏడాది పొడుగునా కట్టుకుని, కరెంటు తీసుకుని, సామాన్లు దింపుకునే మెరీనా అది కాదు. చెన్నైకి దక్షిణాన ఉన్న ముట్టుకాడు నీళ్లు లోతు లేనివి. మనవైపు అలాంటి సదుపాయం కావాలంటే కొచ్చి బోల్గాట్టి దీవికి వెళ్లాలి. సెలవుల లెక్క కూడా కుదరదు: పిల్లలకు తీరిక దొరికే డిసెంబర్‌లో బంగాళాఖాతం మన మీద విరుచుకుపడుతుంది. వర్ధా తుపాను చెన్నైని ఊపేసింది 2016 డిసెంబర్ 12న. అదే నెలలో లంకావీ వైపు ఈశాన్య గాలి భూమి దాటి వస్తుంది కాబట్టి నీళ్లు మెత్తగా ఉంటాయి. పన్ను సంగతి సరేసరి, 2025 సెప్టెంబర్ 22 నుంచి విహార యాట్‌ల మీద జీఎస్టీ 40 శాతం.

కొనాలన్న ఆలోచన ఉన్నవాళ్లు ముందు లంకావీలోనే ఒక వారం పడవ అద్దెకు తీసుకోండి. స్నేహితులతో కాదు, ఎవరికోసం కొంటున్నారో వాళ్లతోనే వెళ్లండి. అమ్మానాన్నలను రాత్రిపూట లంగరు మీద ఊగుతున్న పడవలో బాత్రూమ్‌కు ఒకసారి నడిపించి చూస్తే, ఏ నమూనా కావాలో, ఎన్ని అడుగులు కావాలో తేలిపోతుంది.