వేబ్రిడ్జికి చవక కన్వర్టర్ బాక్సు కొంటున్నారా? సున్నా కరెక్టుగా చూపించి లారీ తూకం తప్పు ఇస్తుంది, జాగ్రత్త

రైస్ మిల్లులు, జిన్నింగ్ మిల్లులు, క్రషర్లు, గోడౌన్లు నడిపేవాళ్ళలో ఎవరి దగ్గరైనా పాత వేబ్రిడ్జి ఉండి, దాన్ని ఆఫీసు నెట్‌వర్కుకి కలపాలని చూస్తుంటే, ఆన్‌లైన్‌లో రెండు వేల లోపు దొరికే సీరియల్ టు ఈథర్‌నెట్ కన్వర్టర్ బాక్సులు కొనే ముందు ఇది చదవండి. అమ్మినవాడి పేరు రాయడం లేదు. అదే బాక్సుని నాలుగు స్టిక్కర్లతో నలుగురు అమ్ముతున్నారు, ఒక పేరు రాస్తే మిగతా మూడూ మంచివే అనుకుని కొనేస్తారు.

మాది మిర్యాలగూడ వైపు రైస్ మిల్లు, అక్కడ కంప్యూటర్లు, కెమెరాలు, బిల్లింగ్ నేనే చూసుకుంటాను. కాంటా పాతదే అయినా తూకంలో వంక పెట్టడానికి లేదు, ఏటా తూనికలు కొలతల శాఖ వాళ్ళు చూసి సీలు వేసి వెళ్తారు. దాని ఇండికేటర్ (తూకం అంకెలు చూపించే డబ్బా) వెనక ఉన్నది ఒకే ఒక్క తొమ్మిది పిన్నుల ఆర్‌ఎస్-232 సాకెట్టు, అంటే పాతకాలపు సీరియల్ పోర్టు. ఇన్నాళ్ళూ కాంటా గదిలో ఒక ఎక్స్‌పీ కంప్యూటరు ఉండేది, సీరియల్ పోర్టు దానికే ఉండేది కాబట్టి గొడవ లేదు. అది చచ్చిపోయింది. కొత్త కంప్యూటర్లలో చాలావాటికి ఆ పోర్టు రాదు. పైగా మా ఓనరు గారికి లారీ కాంటా ఎక్కగానే తూకం నేరుగా ఆఫీసులో బిల్లింగ్‌లోకి పడాలి, మధ్యలో గుమస్తా చేత్తో కొట్టకూడదు. ఆయన చెప్పిందీ సబబే. ఐకేపీ కొనుగోలు సెంటర్ల నుంచి ధాన్యం వచ్చే సీజన్‌లో అంకె కాస్త అటూ ఇటూ అయినా మిల్లు వాళ్ళు తరుగు తీశారనే మాట క్షణంలో ఊరంతా పాకుతుంది. ఇక ఆర్‌ఎస్-232 కేబుల్‌ని అంత దూరం లాగడం కుదరదు, పాత లెక్క ప్రకారం దానికి 50 అడుగులే హద్దు. కాబట్టి కాంటా గదిలోనే సీరియల్‌ని లాన్‌కి (ఆఫీసు నెట్‌వర్కుకి) మార్చే బాక్సు ఒకటి పెట్టాలి. ఆ ఆలోచనలో తప్పేమీ లేదు, ప్రపంచమంతా ఇలాగే చేస్తారు. తేడా అంతా ఏ బాక్సు అన్న దగ్గరే.

కొనే ముందే అమ్మినవాడికి ఫోన్ చేసి మా ఇండికేటర్ సెట్టింగు, అంటే అంకెల్ని ఏ వేగంతో ఏ రూపంలో పంపుతుందో, చదివి వినిపించాను: 2400 బాడ్, 7 డేటా బిట్లు, ఈవెన్ పారిటీ, 1 స్టాప్ బిట్. "అన్నీ సపోర్ట్ చేస్తది సార్, ఏ కాంటాకైనా పెట్టేయొచ్చు" అన్నాడు. వాట్సాప్‌లో కూడా అదే రాయించుకున్నాను, ఆ మెసేజ్ తర్వాత బాగా పనికొచ్చింది.

బాక్సు వచ్చాక అతని టెక్నీషియనే వచ్చి బిగించాడు. కాంటా ఖాళీగా ఉంది, కంప్యూటర్లో 000000 పడింది. "చూశారా సార్, వచ్చేసింది" అని సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. తర్వాత మొదటి లారీ ఎక్కింది. ఇండికేటర్ మీద 28,460 కేజీలు, కంప్యూటర్లో 60. తర్వాత వచ్చిన పన్నెండు టైర్ల బండి ఇండికేటర్‌లో 30,560, కంప్యూటర్లోనూ 30,560. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు. ఇలాంటప్పుడు ఎవరికైనా అనుమానం వదులు వైరు మీదికే పోతుంది, టెక్నీషియన్ కూడా ఫోన్‌లో అదే పాట పాడాడు.

వైరు బాగానే ఉంది. అసలు సంగతి వేరే, చవక బాక్సుల్లో ఇది చాలా మామూలు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఇండికేటర్ ఒక్కో అంకెనీ ఏడు బిట్లుగా (అంటే సున్నాలు, ఒకట్లుగా) పంపి, ఎనిమిదో చోట పారిటీ బిట్ పెడుతుంది. మొత్తం ఒకట్ల సంఖ్య సరిసంఖ్య అయ్యేలా చూడటం దాని పని. మా బాక్సుకి ఏడు బిట్ల సంగతే తెలియదు. సెట్టింగుల పేజీలో 7 అనే ఆప్షన్ దర్జాగా కనిపిస్తుంది, సేవ్ కొట్టి పేజీ రిఫ్రెష్ చేస్తే మళ్ళీ 8, పారిటీ నన్ (అంటే పారిటీ లేదు). అంటే ఆ పారిటీ బిట్‌ని కూడా అక్షరంలో భాగమే అనుకుని ముందుకు తోసేస్తోంది. 0, 3, 5, 6, 9 అంకెల కోడుల్లో ఒకట్లు ముందే సరిసంఖ్యలో ఉంటాయి, వాటి పారిటీ సున్నా, కాబట్టి అవి చెక్కుచెదరకుండా వస్తాయి. 1, 2, 4, 7, 8 మాత్రం పిచ్చి అక్షరాలుగా మారిపోతాయి. మా సాఫ్ట్‌వేరు అంకె కానిదాన్ని వదిలేస్తుంది. 28,460లో 2, 8, 4 ఎగిరిపోయాయి, 60 మిగిలింది. 30,560లో ఉన్నవన్నీ అదృష్టవంతులైన అంకెలే.

ఖాళీ కాంటా మీద డెమో ఎందుకు ఎప్పుడూ పాస్ అవుతుందో ఇప్పుడు అర్థమైందా? అన్నీ సున్నాలే కదా! ఆ టెక్నీషియన్‌కి ఈ సంగతి తెలిసి చేశాడని నేను అనను, కానీ సున్నా చూపించి సంతకం అడిగేవాడికి మాత్రం సంతకం పెట్టకండి. లోడు బండి ఎక్కించి చూపించమనండి, అదీ అంకెలు వేరువేరుగా ఉన్న మూడు నాలుగు బండ్లతో.

మరి ఇండికేటర్‌నే 8 బిట్లకి మార్చుకుంటే సరిపోదా అంటారేమో, టెక్నీషియన్ రెండోసారి వచ్చినప్పుడు స్క్రూడ్రైవర్ తీసి అదే చేయబోయాడు. మా ఇండికేటర్‌లో ఆ సెట్టింగు కాలిబ్రేషన్ మెనూలో ఉంది, ఆ మెనూ తెరిచే స్విచ్ సీలు వెనకాల ఉంది. సీలు తెంపితే మళ్ళీ స్టాంపింగ్ చేయించేదాకా ఆ కాంటా మీద తూకం వేయకూడదు. సీజన్ మధ్యలో, గేటు బయట లారీల లైను ఉండగా. అతని చేయి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. పాత మెషీన్‌కి తగ్గట్టు బాక్సు మారాలి గానీ బాక్సు కోసం మెషీన్‌ని విప్పమనేవాణ్ణి కాంటా గది గడప కూడా తొక్కనివ్వకండి.

చివరికి మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కుర్రాడే ఆ ఎనిమిదో బిట్‌ని కొట్టేసేలా చిన్న కోడు రాశాడు. అంకెలన్నీ సరిగ్గా పడ్డాయి, హమ్మయ్య అనుకున్నాం. అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలైంది. ఒక డ్రైవరు చీటీ చేతిలో పట్టుకుని వచ్చి, "సార్, ముందు బండిదీ నాదీ ఒక్కటే తూకం ఎట్లొస్తది? నేనింక మొత్తం ఎక్కనే లేదు" అన్నాడు. చీటీలు పక్కపక్కన పెట్టి చూస్తే నిజమే, కేజీతో సహా ఒకటే అంకె.

ఎలా జరుగుతుందంటే, ఇండికేటర్ ఎవరు విన్నా వినకపోయినా సెకనుకి చాలాసార్లు తూకాన్ని అరుస్తూనే ఉంటుంది. మన సాఫ్ట్‌వేరు మాత్రం గుమస్తా బటన్ నొక్కినప్పుడే కనెక్షన్ తెరిచి చదువుతుంది. మధ్యలో వచ్చినదంతా బాక్సు తన మెమరీలో నింపుకుంటుంది, నిండాక కొత్తవాటిని పారేసి పాతవాటిని దాచుకుంటుంది. తర్వాత బటన్ నొక్కగానే ముందుగా బయటికి వచ్చేది అడుగున ఉన్న పాత లారీ తూకమే. మంచి బాక్సుల్లో కనెక్షన్ తెరవగానే బఫర్ (ఆ మెమరీ) ఖాళీ చేయాలి అనే ఆప్షన్ ఉంటుంది. దీంట్లో లేదు. అలాగే ఫలానా అక్షరం వచ్చేదాకా ఆగి మొత్తం వాక్యాన్ని ఒకే ప్యాకెట్‌గా పంపు అని చెప్పే ఆప్షన్ కూడా ఉండాలి, లేకపోతే 028460 అన్నది 02 ఒకసారి, 8460 ఒకసారి వచ్చే ప్రమాదం ఉంది. ఖాళీ లారీ బరువు 8,460 ఉండటం మామూలే కాబట్టి చూసేవాడికి అనుమానం కూడా రాదు.

బాక్సు పూర్తిగా పాడైపోతే నయం, చేత్తో రాసుకుంటాం. నమ్మదగినట్టు కనిపించే తప్పు అంకె ఇచ్చేదే కొంప ముంచుతుంది. ఆ డ్రైవరు అడక్కపోతే ఆ చీటీ అలాగే ఫైల్లోకి పోయి ఉండేది, రైతు డబ్బులకి కోత పడేది, లేదా మిల్లుకి పడేది.

మిగతా బాధలు గబగబా చెప్పేస్తాను. బాక్సు డ్రైవర్ సాఫ్ట్‌వేరు అమ్మినవాడు చిన్న సీడీలో ఇచ్చాడు, ఏ ల్యాప్‌టాప్‌లో సీడీ డ్రైవ్ ఉందిప్పుడు? అడిగితే ఏదో ఫైల్ షేరింగ్ లింకు పంపాడు. విండోస్ 11లో ఎక్కకపోతే యాంటీవైరస్ ఆపేయండి, కోర్ ఐసొలేషన్‌లో మెమరీ ఇంటెగ్రిటీ కూడా ఆఫ్ చేయండి అన్నాడు. ఒక కన్వర్టర్ కోసం బిల్లింగ్ కంప్యూటరుకి ఉన్న రక్షణంతా తీసేయాలట.

లిస్టింగ్‌లో ఐసొలేటెడ్ (అంటే లోపల కాంటా వైపూ పవర్ వైపూ కరెంటు దారులు విడివిడిగా ఉంటాయని) అనీ, 15 కేవీ ప్రొటెక్షన్ అనీ రాశాడు. ఆ 15 కేవీ అన్నది చేతి స్పర్శ నుంచి వచ్చే స్టాటిక్ కరెంటు గురించి, పిడుగుకీ ఎర్తింగ్ తేడాలకీ దానికీ సంబంధం లేదు. నిజంగా ఐసొలేషన్ ఉందో లేదో మల్టీమీటర్‌తో మీరే చూసుకోవచ్చు. బాక్సుకి ఏ వైరూ పెట్టకుండా, మీటరుని బీప్ మోడ్‌లో ఉంచి, ఒక ప్రోబు తొమ్మిది పిన్నుల సాకెట్టులో 5వ పిన్నుకి, ఇంకోటి పవర్ జాక్ నెగటివ్‌కి ఆనించండి. బీప్ వస్తే రెండు గ్రౌండ్లూ కలిసే ఉన్నాయి, ఐసొలేషన్ లేనట్టే. మాది బ్రహ్మాండంగా మోగింది. కాంటా అంటే ఆరుబయట ఉండే పెద్ద ఇనుప పలక, దగ్గర్లో పిడుగు పడితే ఆ దెబ్బ ఇండికేటర్ నుంచి ఎటు పోతుందో ఆలోచించండి. మీటరు చేతిలో ఉండగానే ఇంకోటి కూడా చూడండి, పవర్ ఇచ్చి, బాక్సు పంపే పిన్నుకీ 5వ పిన్నుకీ మధ్య డీసీ వోల్టేజి. డేటా ఏమీ పోనప్పుడు మైనస్ 3 నుంచి మైనస్ 15 మధ్య ఉండాలి. ప్లస్ 3.3 లేదా ప్లస్ 5 చూపిస్తే అది అసలు ఆర్‌ఎస్-232 కానే కాదు, సాకెట్టు ఆకారం ఒకటే, లోపల వేరే.

సెక్యూరిటీ సంగతి తేలిగ్గా తీసుకోకండి. మా బాక్సు పాస్‌వర్డ్ అడ్మిన్, మార్చినా కరెంటు పోయి వస్తే మళ్ళీ అడ్మినే. పైగా "ఓనర్ గారు హైదరాబాద్ నుంచి ఫోన్‌లో చూసుకోవచ్చు, రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డ్ చేసి ఇస్తా" అన్నాడు, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి బాక్సు దాకా దారి తెరవడం. 2013లో ర్యాపిడ్7 అనే సెక్యూరిటీ కంపెనీలో ఉన్న హెచ్.డి. మూర్ ఇంటర్నెట్‌ని వెతికితే ఇలాంటి సీరియల్ సర్వర్లు లక్షా పద్నాలుగు వేలకు పైగా బయటికి తెరిచి కనిపించాయి. 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో హ్యాకర్లు కరెంటు తీసేసినప్పుడు, సబ్‌స్టేషన్లలోని సీరియల్ టు ఈథర్‌నెట్ కన్వర్టర్ల ఫర్మ్‌వేర్‌ని (లోపలి సాఫ్ట్‌వేరుని) కూడా చెరిపేసి వాటిని పనికిరాకుండా చేశారు, రిమోట్‌గా మళ్ళీ ఆన్ చేయడానికి లేకుండా. దాదాపు రెండు లక్షల పాతిక వేల కనెక్షన్లకి కరెంటు పోయింది. మన కాంటాని ఎవడు హ్యాక్ చేస్తాడులే అనకండి, కాంటా అంకె మార్చాలనే ఆశ ఉన్నవాళ్ళు హ్యాకర్లే అయి ఉండక్కర్లేదు. ఈ బాక్సుని ఇంటర్నెట్‌కి అస్సలు తెరవకండి, ఓనరు గారు చూడాలంటే వీపీఎన్ (బయటివాళ్ళు రాలేని ప్రైవేటు దారి) పెట్టండి.

బాక్సు గోలంతా ఎందుకు, యూఎస్‌బీ టు సీరియల్ కేబుల్ వేసుకుంటే పోలా అనేవాళ్ళకి ఒక మాట. కంప్యూటరు కాంటా గదిలోనే ఉంటే అది మంచిదే, కానీ అక్కడా నకిలీ చిప్పులే. 2014లో ఆ కేబుళ్ళకి చిప్పులు చేసే ఎఫ్‌టీడీఐ కంపెనీ కొత్త డ్రైవర్ సాఫ్ట్‌వేరు విండోస్ అప్‌డేట్‌లో వచ్చి నకిలీ చిప్పుల ఐడీని సున్నా చేసేసింది, నిన్నటిదాకా పనిచేసిన కేబుళ్ళు పొద్దున్నే మూగబోయాయి. బిల్లు మీద చిప్పు పేరు రాయించుకోండి.

బిల్లు అంటే గుర్తొచ్చింది. మాకిచ్చిన జీఎస్టీ బిల్లులో కంప్యూటర్ యాక్సెసరీస్ అని ఉంది, మోడల్ లేదు, సీరియల్ నంబరు లేదు. వారంటీ అడిగితే ఇది మా బాక్సే అని రుజువేంటి అన్నాడు. కన్జ్యూమర్ ఫోరంకి వెళ్దామంటే 2019 చట్టం ప్రకారం వ్యాపారం కోసం కొన్న వస్తువుకి కొన్నవాణ్ణి వినియోగదారుడిగా లెక్కేయరు, సొంత ఉపాధి కోసం కొనుక్కున్న చిన్నవాళ్ళకే మినహాయింపు. మిల్లు పేరు మీద బిల్లు చేయించుకున్నప్పుడు ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే. అందుకే మోడల్, సీరియల్ నంబరు, పని చేయకపోతే డబ్బు వాపసు అన్న మాట ముందే బిల్లు మీదో మెయిల్‌లోనో రాయించుకోండి. ఆ వాట్సాప్ మెసేజ్ చూపించాక అమ్మినవాడు దారికొచ్చాడు, అయితే డబ్బు బదులు అదే మోడల్ కొత్త పీస్ ఇస్తానంటున్నాడు. దాన్నేం చేసుకోను?

ఇప్పుడు మేము పేరున్న ఇండస్ట్రియల్ రకం బాక్సు పెట్టాం, ధర దానికి ఐదింతలు, 7 బిట్లూ ఈవెన్ పారిటీ నిజంగా పట్టుకుంటుంది, గ్రౌండు టెస్టులో బీప్ రాలేదు, డ్రైవర్ సాఫ్ట్‌వేరు మామూలుగా ఎక్కింది. కొనే ముందు మీ ఇండికేటర్ తయారుచేసిన కంపెనీని కూడా ఒకసారి అడగండి, కొన్ని మోడళ్ళకి ఈథర్‌నెట్ కార్డు వాళ్ళే ఇస్తారు, వాళ్ళ మనిషే వచ్చి సీలు సంగతి చూసుకుంటాడు.

ఇప్పటికే ఇలాంటి బాక్సు కొని వాడుతున్నవాళ్ళు ఇవాళే ఒక పని చేయండి. కాంటా నుంచి బాక్సు తీసి, సీరియల్ కేబుల్ ఉన్న ల్యాప్‌టాప్‌కి కలపండి, మధ్యలో క్రాస్ కేబుల్ కావాలి, అంటే 2, 3 పిన్నులు తారుమారై ఉన్నది. పుట్టీ (PuTTY) అనే ప్రోగ్రాంలో మీ ఇండికేటర్ సెట్టింగులే పెట్టి 0123456789 అని కొట్టండి. అవతల ఆఫీసు కంప్యూటర్లో పది అంకెలూ వరసగా పడితే సరే. 1, 2, 4, 7, 8 దగ్గర పిచ్చి గీతలు వచ్చినా, ఆ అంకెలే మాయమైనా మీదీ అదే సరుకు, ఇన్నాళ్ళుగా ఇచ్చిన చీటీలు తీసి వరసగా రెండు బండ్లకి ఒకే తూకం ఎక్కడైనా పడిందేమో కూడా చూసుకోండి.